ఒళ్ళో కూర్చున్న బిడ్డకు ఏ భాష పుస్తకం?



మధ్యాహ్నం భోజనాలయి, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ కాస్త సమయంలో మీతో ఒక చిన్న విషయం మాట్లాడుకుందామని వచ్చాను. చిన్నదే అంటున్నాను గాని, మన జిల్లాలో కొన్ని ఇళ్ళలో ఇది అత్తాకోడళ్ళ మధ్య పట్టింపుదాకా పోతున్నది. రెండు భాషలు వినబడే ఇంట్లో పుట్టిన బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రాత్రి పూట ఒక కథ చదివి వినిపించాలంటే, ఆ కథ ఏ భాషలో ఉండాలి? అమ్మ భాషలోనా, నాన్న భాషలోనా, బడి భాషలోనా?

ఇదీ ఒక ప్రశ్నేనా అని వేరే జిల్లాలవాళ్ళు అనుకోవచ్చు. మనకు మాత్రం ఇది రోజువారీ సంగతి. బోధన్‌కు దగ్గరలో కందకుర్తి వద్ద మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. అవతలి గట్టు మహారాష్ట్ర. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు మనవాళ్ళు పోతుంటారు, అటువాళ్ళు ఇటు వస్తుంటారు. పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం తాతల నాటినుంచీ ఉన్నదే. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్ళు పారినాక, కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతు కుటుంబాలు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. చెరుకు పండించేవాళ్ళు, నరికేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు, మిల్లులో పనిచేసేవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు తలా ఒక భాషతో అక్కడ చేరారు. పాత బస్తీల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ మాట ఎట్లాగూ ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. క్వార్టర్లలో ఉన్న కుటుంబాలు కొన్ని హైదరాబాదుకు, కొన్ని ఇంకెక్కడికో చెదిరిపోయాయి. ఫ్యాక్టరీ పోయినా అది కలిపిన సంబంధాలు మిగిలాయి, ఆ ఇళ్ళలో రెండేసి భాషలు మిగిలాయి.

వీటన్నిటి మీదా ఇప్పుడు ఇంకొకటి వచ్చి కూర్చున్నది. అదే ఇంగ్లీషు మీడియం. పిల్లకు మూడేళ్ళు నిండగానే మెడలో టై, వీపున సంచీ, చేతిలో ఇంగ్లీషు బొమ్మల పుస్తకం. ఇంట్లో ఉన్న రెండు భాషలకే చోటు సరిపోని చోట మూడోది వచ్చి పెద్దపీట వేసుకున్నది. అందుకే తల్లులు తికమకపడుతున్నారు. మొన్న మా వాడకట్టులో జరిగిన సంగతి చెబుతాను.

మా వీధిలో ఒక అమ్మాయి ఉన్నది. పుట్టిల్లు దెగ్లూరు వైపు, మరాఠీవాళ్ళు. మెట్టినిల్లు తెలుగు. వాళ్ళ పాపకు నాలుగేళ్ళు. పాపను ఇంగ్లీషు బడిలో వేశారు. ఆ అమ్మాయి ఒకరోజు నా దగ్గరికొచ్చి, "అక్కా, తెలుగు నేను మాట్లాడతా గాని చదవరాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కునేసరికి పిల్ల నిద్రపోతది. ఇంగ్లీషు పుస్తకం చదువుతా గాని, అదేమిటమ్మా ఇదేమిటమ్మా అంటే నాకు చెప్పరాదు. మరాఠీ పుస్తకం తీస్తే అత్తమ్మ మొహం మాడ్చుకుంటది. బడిలో టీచరమ్మేమో ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని చెప్పి పంపింది. నేనేం చదవాలె?" అని అడిగింది.

అత్తగారు చెడ్డ మనిషేం కాదు. నాకు వదిన వరస, బాగా తెలిసిన మనిషి. ఆమె మాట ఆమెకున్నది. "ఇల్లు తెలుగు, ఊరు తెలుగు. పిల్ల నేర్చుకుంటే మన మాట నేర్చుకోవాలె, లేకుంటే బడికి పనికొచ్చే ఇంగ్లీషు నేర్చుకోవాలె. ఈ మరాఠీ రేపు దానికేం కూడు పెడ్తది?" అంటుంది. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. పిల్ల బాగుపడాలనే ఆమె ఆరాటం కూడా.

అయితే మొన్న దసరాకు ఆ అమ్మాయి తల్లి మనవరాలిని చూడడానికి వచ్చింది. మనవరాలికోసం లడ్డూలు కట్టుకుని, బస్సులు మారి వచ్చిన మనిషి. "జేవలీస్ కా?" అని పిల్లను అడిగింది. అన్నం తిన్నావా అని అర్థం. పిల్ల తల్లి కొంగు వెనక దాక్కుని, అమ్మ తెలుగులో చెబితే తప్ప జవాబు చెప్పలేదు. ఉన్న నాలుగు రోజులూ అమ్మమ్మకూ మనవరాలికీ మధ్య తల్లి దుబాసీగా నిలబడింది. ముసలామె ఏమీ అనలేదు. పోయేటప్పుడు పిల్ల తల మీద చెయ్యి పెట్టి, మాటలేమీ లేకుండా బస్సెక్కింది. చూడండి, మరాఠీ కూడు పెట్టకపోవచ్చు. అమ్మమ్మను మాత్రం అదే పెట్టాలి. ఆమెను ఇంకొక భాష తెచ్చి ఇవ్వలేదు.

ఈ సంగతిని మూడు నాలుగు వైపులనుంచి చూద్దాం. ముందుగా అందరికీ ఉండే భయం. రెండు భాషలు ఒకేసారి చెవిన పడితే పిల్లల బుర్ర గందరగోళం కాదా, మాటలు ఆలస్యం కావా అని. నా చదువు పదో తరగతితో ఆగింది. అయినా ఈ విషయంలో పెద్దవాళ్ళు చేసిన పరిశీలనలు చదివి, తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నాను. రెండు భాషలు వినడంవల్ల పిల్లలకు మాట పోదు, మతి చెదరదు. మొదట్లో ఒక వాక్యంలో రెండు భాషల మాటలు కలుపుతారు. "అమ్మా, పాణీ పోయ్" అంటారు. అది గందరగోళం కాదు, చేతికందిన మాటతో పని గడుపుకోవడం. మనం మాత్రం కలపడం లేదా? "బస్సు లేటయింది, జల్ది పోవాలె" అన్నప్పుడు అందులో ఎన్ని భాషలున్నాయో లెక్కపెట్టండి. మూడు నాలుగేళ్ళు వచ్చేసరికి ఎవరితో ఏ భాష మాట్లాడాలో పిల్లలే పట్టేస్తారు. రెండేళ్ళు నిండినా ఏ భాషలోనూ మాటలు రాకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే, అప్పుడు నేరం భాషల మీద వేసి ఊరుకోకండి. డాక్టరుకు చూపించి చెవులు పరీక్ష చేయించండి.

ఒడిశాలో అజిత్ మొహంతి అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోంధు గిరిజన పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఆ గిరిజనుల్లో కొందరు తమ కుయి భాషనూ, ఒడియానూ రెండూ మాట్లాడతారు. కొన్ని ఊళ్ళలో కుయి మరిచిపోయి ఒక్క ఒడియాయే మాట్లాడతారు. పరీక్షలు పెట్టి చూస్తే, రెండు భాషలు నిలుపుకున్న పిల్లలే ఒకే భాష మిగిలిన పిల్లలకంటే మెరుగ్గా ఉన్నారట. మన హైదరాబాదు సంగతే ఇంకొకటి ఉన్నది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమెతో పనిచేసినవాళ్ళు, డిమెన్షియా అనే మతిమరపు జబ్బు వచ్చిన 648 మంది వివరాలు చూసి 2013లో ప్రచురించారు. ఒకే భాష తెలిసినవాళ్ళకంటే రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్ళలో ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడిందట. బొత్తిగా చదువురాని వాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది. ఒక్క పరిశీలనతో అంతా తేలిపోయిందని నేననను గాని, రెండో భాష బరువు కాదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఏం కావాలి?

భయం సంగతి అట్లా ఉంచి, అసలు ప్రశ్నకు వద్దాం. ఏ భాషలో చదవాలి? నాకు తోచిన మొదటి కొలత ఇది. ఏ భాషలో మీరు పుస్తకం మీదనుంచి తల ఎత్తి మాట్లాడగలరో ఆ భాషలో చదవండి. చిన్నపిల్లకు కథ చదవడమంటే అచ్చులో ఉన్నది అప్పజెప్పడం కాదు కదా. మధ్యలో పిల్ల ఆపుతుంది. "ఏనుగు ఎందుకేడ్చింది?" అంటుంది. "దానికి అమ్మ లేదా?" అంటుంది. అక్కడ మీరు చెప్పే జవాబే అసలు చదువు. ఆ జవాబు మీకు నోటి నిండా వచ్చే భాషలో ఉంటే పిల్ల ఇంకో పది ప్రశ్నలు అడుగుతుంది. రాని భాషలో చదివితే మీరే "ఊరుకో, కథ విను" అంటారు. పిల్ల ఊరుకుంటుంది. అట్లా నాలుగు రాత్రులు ఊరుకున్న పిల్ల అయిదో రాత్రి పుస్తకం అడగదు.

ఇంగ్లీషు విషయంలో చాలామంది అక్కయ్యలు ఇక్కడే పొరపడుతున్నారు. నేను ఇంగ్లీషు వద్దనడం లేదు. రేపు పైచదువులకూ ఉద్యోగాలకూ అది కావాలి. మీకు ఇంగ్లీషులో హాయిగా మాట్లాడడం వస్తే తప్పకుండా చదవండి. రానివాళ్ళు అవస్థపడి చదవనక్కర లేదు. బడి పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ పనిమీదే ఉన్నది. ఇంకో మాట. ఒక భాషలో వంద కథలు విన్న పిల్లకు కథ ఎట్లా నడుస్తుందో తెలుస్తుంది, ముందేం జరిగింది, తరువాత ఏం జరగబోతుంది, ఎందుకట్లా అయింది అని ఆలోచించడం వస్తుంది. ఆ తెలివి ఒక భాషకే అంటుకుని ఉండదు, ఇంకో భాష పుస్తకం తెరిచినా పనికొస్తుంది. "అసూయ" అంటే ఏమిటో తన భాషలో తెలిసిన పిల్లకు ఇంగ్లీషులో దాని పేరొక్కటే నేర్పితే చాలు. సంగతే తెలియని పిల్లకు పేరు నేర్పితే అది వట్టి చిలకపలుకు.

రెండో కొలత. ఇంట్లో ఏ భాషకు మీరు తప్ప ఇంకో దిక్కు లేదో చూడండి. ఆ అమ్మాయి ఇంట్లో తెలుగుకు నాన్న ఉన్నాడు, నానమ్మ ఉన్నది, పక్కింటి పిల్లలున్నారు, వీధి ఉన్నది. 2018లో వచ్చిన చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా తెలుగు ఒక పాఠంగా చెప్పాలి. ఇంగ్లీషుకు బడి ఉన్నది, టీవీ ఉన్నది, ఫోను ఉన్నది. మరాఠీకి ఆ ఇంట్లో తల్లి ఒక్కతే. ఆమె నోరు మూసుకుంటే ఆ పిల్లకు సంబంధించినంతవరకు మరాఠీ లేదు. అందుకే నేను ఆమెతో, "నువ్వు మరాఠీయే చదువమ్మా, నీ వంతు అదే" అని చెప్పాను.

ఇదే కొలత ఇంకో ఇంట్లో ఇంకో జవాబు చెబుతుంది. మన జిల్లాల నుంచి భివండికి, షోలాపూరుకు మగ్గాల పనికి పోయిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ వీధి మరాఠీది, బడి మరాఠీది. అక్కడి తల్లి తెలుగు చదవాలి. ఇక్కడ మరాఠీ చదివిన చేయీ, అక్కడ తెలుగు చదివిన చేయీ ఒకటే పని చేస్తున్నాయి. క్యాంపుల్లోనూ ఊళ్ళలోనూ ఇంట్లో ఉన్నది ఒక్క తెలుగే అయి, పిల్ల రోజంతా ఇంగ్లీషు బడిలోనే ఉంటే, అప్పుడు మీ రాత్రి పుస్తకం తెలుగుదే కావాలి. ఊరంతా తెలుగే కదా, దానంతటదే వస్తుందని ఊరుకోకండి. మాట వస్తుంది, నిజమే. పుస్తకం చదివే అలవాటు మాత్రం దానంతటది రాదు.

ఇక వదినగారితో మాట్లాడినప్పుడు నేను చెప్పిన పాత సంగతి ఒకటి మీకూ చెబుతాను. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘసంస్కార సభ జరిగింది. మహర్షి కార్వే గారు అధ్యక్షులు. ఆ సభలో ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేశారు. ఆ పరాభవంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అదే తరువాత ఆంధ్ర మహాసభ అయింది. ఆ మహాసభ ఆరో సమావేశం 1937లో మన నిజామాబాదులోనే జరిగింది. తన భాషలో నోరు విప్పితే నలుగురూ నవ్వితే ఎట్లుంటదో తెలుగువాళ్ళకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అటువంటి మనం ఇవాళ మన ఇంటికొచ్చిన కోడలు తన బిడ్డకు తన భాషలో కథ చదువుతుంటే మొహం చిట్లించుకోవచ్చునా? వదినగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అట్లయితే నా కథలు ఎప్పుడు చెప్పాలె?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది.

ఇప్పుడు వాళ్ళింట్లో పద్ధతి ఇది. మధ్యాహ్నం బడినుంచి వచ్చి అన్నం తిన్నాక నానమ్మ ఏడు చేపల కథ మొదలుపెడుతుంది. రాత్రి తల్లి మరాఠీ పుస్తకం తీస్తుంది. అందులో పిచ్చుకకు మైనంతో ఇల్లు, కాకికి పేడతో ఇల్లు. వాన వస్తే కాకి ఇల్లు కొట్టుకుపోయి, పిచ్చుక తలుపు తడుతుంది. మరాఠీ ఇళ్ళలో ఈ కథ తెలియని పిల్లలుండరు. ఆదివారం నాన్న తెలుగు పుస్తకం చదువుతాడు. పాప మరాఠీ కథ విని తెలుగులోనే జవాబు చెబుతున్నది. "నాకు మరాఠీ రాదు" అని తెలుగులో అంటూనే మరాఠీ కథకు నవ్వుతున్నది. ఆ అమ్మాయి కొంచెం దిగులుపడుతుంటే, పడనక్కర లేదన్నాను. వినడం ముందు, పలకడం తరువాత. ఏ భాషలో జవాబిచ్చినా సరే, విన్నదా లేదా అన్నదే చూసుకోవాలి. "మరాఠీలో చెప్పు, లేకుంటే కథ చెప్పను" అన్నామా, పిల్లకు ఆ భాష శిక్ష అయి కూర్చుంటుంది.

మూడో సంగతి, చదువురాని భాష సంగతి. చాలా ఇళ్ళలో భాష నోట ఉంటుంది, అక్షరం చేతికి రాదు. ఉర్దూ ఇంటి తల్లులు కొందరు తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివినవాళ్ళు. ఉర్దూ గలగలా మాట్లాడతారు గాని కుడినుంచి ఎడమకు పోయే ఆ లిపి చదవలేరు. తండాలో యాడీకి లంబాడీ మాట తప్ప మరొకటి అంత హాయిగా రాదు, ఆ మాటకు సొంత లిపి వాడుకలో లేదు. ఇట్లాంటప్పుడు బొమ్మల పుస్తకం ఏ భాషదైనా తీసుకోండి. అచ్చు ఏ భాషలో ఉన్నా, బొమ్మలు చూపిస్తూ కథ మీ భాషలో చెప్పండి. పిల్ల వేలు బొమ్మ మీద ఉంటుంది, చెవి మీ మాట మీద ఉంటుంది. అది కూడా చదివి వినిపించడమే. ఇంట్లో దాదీయో, నానీయో ఉర్దూ చదవగలిగినవాళ్ళుంటే ఆ పని వాళ్ళకే అప్పగించండి. అంతకంటే గౌరవం వాళ్ళకేముంటుంది?

లంబాడీ కథలు తెలుగు అక్షరాలతో ఒక నోటుబుక్కులో రాసుకోవచ్చు. పెద్దపిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళచేతే రాయించండి. ముసలమ్మ చెబుతూ ఉంటే మనవరాలు రాస్తుంది, చిన్నవాడు వింటాడు. ఒక్క పనితో ముగ్గురికి లాభం. ఈ భాషలో ఏముందని చిన్నచూపు చూసేవాళ్ళకు మన జిల్లానుంచే జవాబు ఉన్నది. జక్రాన్‌పల్లి మండలంలోని తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్ తన జనం కథలను "ఢావ్లో" అనే పేరుతో తెలుగులో రాసి, 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నాడు. ఇంటి మాట విని పెరిగినవాడు బడి మాటలో వెనకబడలేదు. ఇంటి మాటనే వెంట తీసుకుపోయి అక్కడ కూర్చోబెట్టాడు.

ఇట్లాంటివాళ్ళు వెనకటి తరంలోనూ ఉన్నారు. ప్రజాకవి కాళోజీ తల్లి రమాబాయమ్మ కన్నడిగురాలు, తండ్రి రంగారావు మహారాష్ట్రీయుడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని ఇప్పుడు మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నిజాం కాలంలో మన ఇందూరు కోటలోని జైల్లో ఉన్న మహాకవి దాశరథి ఉర్దూ బాగా చదువుకున్నవారు. గాలిబ్ కవితలను "గాలిబ్ గీతాలు" పేరుతో తెలుగు చేసి ఇచ్చారు. ఒక భాష వస్తే ఇంకోటి పోతుందనుకునేవాళ్ళు వీళ్ళ జీవితాలు ఒకసారి చదవాలి.

తెలుగు చదివేవాళ్ళకు కూడా ఒక చిక్కు ఉన్నది. పుస్తకంలో "వచ్చాడు, వెళ్ళాడు" అని ఉంటుంది. మన ఇంట్లో "వచ్చిండు, పోయిండు" అంటాం. పిల్ల అడుగుతుంది, "అమ్మా, నువ్వెందుకు ఇట్ల అన్లేదు?" అని. అప్పుడు ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని చెప్పకండి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒకసారి చదవండి. పుస్తకం మూసి అదే కథను మీ మాటలో చెప్పండి. "గట్ల రాస్తరు బిడ్డా, మనం గిట్ల అంటం" అంటే చాలు. క్యాంపు ఇళ్ళలో మాట ఇంకో తీరుగా ఉంటుంది. అదీ తెలుగే, ఇదీ తెలుగే. తన నానమ్మ మాట తప్పు మాట అని పిల్లకు ఒక్కసారి తోచిందంటే, ఆ తరువాత నానమ్మ చెప్పేది చెవిన పెట్టదు.

ఇప్పుడు కొన్ని పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. రోజూ ఒక గంట కూర్చోవాలని పెట్టుకుంటే మూడో రోజే మానేస్తాం. పావుగంట చాలు. ఒక మనిషికి ఒక భాష అని పెట్టుకోవచ్చు, లేదా ఒక వేళకు ఒక భాష అని పెట్టుకోవచ్చు. ఏదైనా ఒక పద్ధతి ఉంటే పిల్లకు ఎదురుచూడడం అలవాటవుతుంది. ఒక వాక్యం ఒక భాషలో చదివి వెంటనే ఇంకో భాషలోకి మార్చి చెప్పకండి. అట్లా చేస్తే పిల్ల తనకు తెలిసిన భాష వచ్చేదాకా ఊరికే కూర్చుంటుంది, రెండోది వినదు. కావాలంటే అదే కథను ఇవాళ ఒక భాషలో, రేపు ఇంకో భాషలో చదవండి. తెలిసిన కథ కాబట్టి తెలియని మాటలు కూడా అర్థమవుతాయి. చదివినాక పరీక్ష పెట్టకండి. నీతి ఏమిటని అడగకండి. మళ్ళీ అదే కథ కావాలని పదిసార్లు అడిగితే పదిసార్లూ చదవండి.

పుస్తకాలకు డబ్బెక్కడిదంటారా? జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. నేషనల్ బుక్ ట్రస్టువాళ్ళు పిల్లల బొమ్మల పుస్తకాలను చాలా భాషల్లో తక్కువ ధరకు వేస్తారు. ఒకే పుస్తకం తెలుగులోనూ మరాఠీలోనూ దొరికితే రెండూ కొనుక్కోండి. మరాఠీలో బాలభారతి సంస్థవాళ్ళ "కిశోర్" అనే పిల్లల మాసపత్రిక 1971 నుంచి ఉన్నది. 1947లో మొదలైన మన "చందమామ" మరాఠీలో "చాందోబా" పేరుతో వచ్చేది. ఇప్పుడు అవి రావడం లేదు గాని, పాత ప్రతులు ఎవరింట్లోనైనా అటకమీద ఉంటే దించండి. ఫోనులో అయితే ప్రథమ్ బుక్స్ వాళ్ళ "స్టోరీవీవర్" ఉన్నది. 2015లో మొదలయింది. తెలుగు, మరాఠీ, ఉర్దూ బొమ్మల కథలు డబ్బు కట్టకుండానే చదువుకోవచ్చు. ఫోను పిల్ల చేతికిచ్చి మీరు వంటింట్లోకి పోకండి. ఫోను మీ చేతిలో, పిల్ల మీ ఒళ్ళో ఉండాలి.

తండ్రి దుబాయిలోనో, సౌదీలోనో ఉన్న ఇళ్ళు మన జిల్లాలో తక్కువేం కాదు. సెలవునాడు ఫోనులో "బాగున్నవా, బడికి పోతున్నవా" అన్న రెండు మాటలయ్యాక తండ్రీ బిడ్డా ఏం మాట్లాడుకోవాలో తోచక చూసుకుంటూ ఉంటారు. ఆయన దగ్గర ఒక చిన్న పుస్తకం పంపండి. వారానికొక కథ ఆయన భాషలో చదవమనండి. నెలకు పంపే డబ్బు ఎంతో పిల్లకు తెలియదు, నాన్న గొంతులో విన్న కథ గుర్తుంటుంది. బీడీలు చుట్టే అక్కలు, "పుస్తకం పట్టుకునే తీరిక మాకేది?" అంటారు. నిజమే, చేతులు చాటలో ఉంటాయి. నోరు ఖాళీగానే ఉంటుంది కదా. పెద్దపిల్లను పక్కన కూర్చోబెట్టి చదవమనండి, మధ్యలో మీరు మీ మాటలో అందుకోండి.

ఆఖరుగా అత్తగార్లకు ఒక మనవి, కోడళ్ళకు ఒక మనవి. అత్తగార్లూ, మీ ఇంటికొచ్చిన పిల్ల తనతో ఒక భాష తెచ్చుకుంటే, దాన్ని సారె పెట్టెతోపాటు లోపలికి తీసుకోండి. మీ మనుమడికి అది ఖర్చులేని ఆస్తి. కోడళ్ళూ, మీ భాష నిలవాలని ఇంటి భాషను తక్కువ చెయ్యకండి. నానమ్మ కథ చెప్పేటప్పుడు మీరూ వచ్చి పక్కన కూర్చోండి, మీకూ నాలుగు తెలుగు మాటలు వస్తాయి. బిడ్డకు రెండు చెవులున్నాయి, రెండువైపుల బంధువులున్నారు. ఎవరి వైపు కథ వాళ్ళు చెప్పండి.

ఇవాళ రాత్రి పనులయ్యాక పావుగంట ముందే దీపం దగ్గర కూర్చోండి. మీ నోటికి ఏ భాష హాయిగా వస్తుందో ఆ భాషలో ఒక్క పేజీ చదవండి. మిగతాది పిల్లే అడిగి చదివించుకుంటుంది.